ఫోటోల ఆవు

ఆ ఆవు నాది కాదని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఫోటో కోసం పలుపు చేతికిస్తే నిజంగానే ఉంచేసుకోబోయిందని ప్రాజెక్టు ఆఫీసులో నా గురించి చెప్పుకుని నవ్వుకుంటారట. నవ్వుకోనివ్వండి. మా కొండగట్టు మీద ఒకరి చేతిలో ఆవు పలుపు పెట్టేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించుకోవాలని ఆ కోస్కెకి వాళ్ళమ్మ నేర్పలేదు. నేను నేర్పాను.

కోస్కె అంటే పేదిళ్ళకి ఆవులు దానమిచ్చే ప్రాజెక్టుకి మా వైపు పెద్ద. పరాయివాడు కాదు, మా కిప్సిగిస్ తెగవాడే. చిన్నప్పుడే బొమెత్ బోర్డింగు స్కూల్లో పడ్డాడు, అక్కణ్ణించి నైరోబీ వెళ్ళి చదువుకుని జేబుల చొక్కా తొడుక్కుని తిరిగొచ్చాడు. ఎక్కడో కెనడాలో చర్చికెళ్ళే జనం పండక్కి కానుకలు పెట్టుకున్నట్టు ఒకరి పేరున ఒకరు ఆవుని కొంటారట. ఆ ఆవు మాలాంటి వాళ్ళింటికొస్తుంది. అది పెట్టిన మొదటి పెయ్యని మేం ఇంకో పేదింటికివ్వాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి. మాకూ బాగానే ఉంది. అందుకే అందరం పేర్లు రాయించుకున్నాం.

నా పేరు చెరోనో. మా ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, మా అత్త. నా మొగుడు నైరోబీలో ఏదో బంగళాకి కాపలా. మామగారి జబ్బుకి ఉన్న పశువులన్నీ పోయాయి, ఆయనా పోయాడు. మా వాళ్ళలో ఆవు లేని కొంపని ఇల్లనరు. చుట్టూ కనుచూపుమేర తేయాకు తోటలే, నా పిల్లలు మాత్రం పాలు లేని నల్ల టీ తాగి బడికెళ్ళేవాళ్ళు. ఇంటికెవరైనా వస్తే సొరబుర్రలో తోడుపెట్టిన ముర్సిక్ పొయ్యకపోతే అంతకంటే అవమానం లేదు. అందుకని ఎవరైనా గేటు దగ్గర కనిపిస్తే నేను పొలంలో పనున్నట్టు వెనక నుంచి జారుకునేదాన్ని. మా అత్త మాత్రం ఖాళీ బుర్రని దించి, కాల్చిన సెనెత్‌వెత్ చెట్టు కొమ్మ బొగ్గుతో లోపలంతా రుద్ది మళ్ళీ గోడకి తగిలించేది. ఆవు వచ్చిన రోజున బుర్ర కోసం దేవులాడతామా అనేది. ఆ మాటకి నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

మా గట్టు మీద మొదటి ఆవు తబుతానీకి వచ్చింది. ఆమె నా నేస్తం. ఇద్దరం ఒకే ఏడు కొత్తకోడళ్ళుగా ఈ గట్టెక్కాం, ఒకే వాగులో నీళ్ళు మోశాం, ఒకరి అత్తని ఇంకొకరి దగ్గర తిట్టుకున్నాం. తర్వాత ఆమె మొగుడు బండి కింద పడి పోయాడు. నలుగురు పిల్లల్ని తేయాకు కోసి సాకుతోంది. లిస్టులో ఆమె పేరే పైన ఉండటం న్యాయం. తెల్లవాళ్ళు వచ్చారు, మేం పాటలు పాడాం, ఎర్రావుని తెచ్చి పలుపు ఆమె చేతిలో పెట్టారు. భుజం మీద తెల్లమచ్చ, ఎడమ కొమ్ము కిందికి వంగి కంటి పక్కకి వచ్చింది. ఫోటోలు తీసుకున్నారు. మర్నాడు కోస్కె వచ్చి, టీకాలు వేయించి తెస్తానని ఆవుని తోలుకుపోయాడు.

తేలేదు. అడిగితే ట్రక్కు వస్తోంది, దీనికంటే మంచి ఆవు వస్తోంది అన్నాడు. వానలు వెళ్ళాక ఇంకో జట్టు తెల్లవాళ్ళు వచ్చారు, వంతెన అవతల ఒక ముసలాయనకి ఆవునిచ్చారు. ఎర్రావు, తెల్లమచ్చ, వంకర కొమ్ము. అందరం చూశాం. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మర్నాడు ఆయనకీ టీకాలే. ఆ తర్వాత అంగడి పక్కన ఉండే చెప్కిరుయి వంతు. అదే ఆవు, పాపం, అప్పటికి దానికీ అలవాటైపోయి కెమెరా కనపడితే తలెత్తి నిలబడుతోంది.

మరి నోరు మూసుకుని ఎందుకున్నారని అడుగుతారు. అడగడం తేలిక. నోరెత్తినవాళ్ళ పేరు లిస్టులో ఉండదని కోస్కె ఏనాడూ అనలేదు, అనాల్సిన పనీ లేదు. ఆశ పెట్టినవాడు కాపలా పెట్టక్కర్లేదు, మనకి మనమే కాపలా కాస్తాం.

నా వంతు వచ్చింది. గురువారం అతిథులొస్తున్నారు, పశువుల పాక శుభ్రం చేసుకోమని చెప్పడానికి కోస్కె వచ్చాడు. వచ్చేది వంకర కొమ్ముదేనా అని అడిగాను. నవ్వాడు.

"వదినా, దానమిచ్చిన ఆవుకి పళ్ళు పట్టి చూస్తావేంది?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. అయినా పాక ఊడ్చాను, నేపియర్ గడ్డి కోసి పెట్టాను. ముందు గుమ్మంలోకి రానీ, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఏం చూడాలో అప్పటికి నాకూ తెలీదు.

తెలిసేలా చేసింది కోస్కెనే. ఈసారి వచ్చేవాళ్ళు వీడియో తీస్తారట. ఊరికే పలుపు చేతికివ్వడం కాదు, మీ ఆచారం ప్రకారం ఇస్తే చూడాలని ఉందన్నారట. దాంతో ఇతను వెళ్ళి అరప్ మొసోనిక్ తాతని పిలిచాడు. మా గట్టు మీద గడ్డి పట్టుకుని మాట చెప్పించగల పెద్దమనుషుల్లో మిగిలింది ఆయనొక్కడే. మా వాళ్ళు ఒకింటి ఆవుని ఇంకో ఇంటికి శాశ్వతంగా ఇచ్చేటప్పుడు పచ్చగడ్డి పట్టుకుని, నలుగురి ముందు, నాలుగుసార్లు మాట పలకాలి. పలికాక దాన్ని వెనక్కి తీసుకోవడమంటూ లేదు. కోస్కెకి ఆచారం ఉందని తెలుసు, దానికి భయపడాలని తెలీదు. మేం పాడే పాటల్లాగా అదీ ఒక ముచ్చట అనుకున్నాడు. నిజంగానే ఇస్తున్నావా అని తాత అడిగాడట. ఇవ్వకుండా నిన్ను పిలుస్తానా తాతా అన్నాడట ఈ పెద్దమనిషి.

గురువారం వచ్చారు. వాళ్ళలో డోరిన్ అనే పెద్దావిడ చనిపోయిన వాళ్ళమ్మ పేరున ఈ ఆవుని కొన్నదట. నన్ను కావలించుకుని ఏడ్చింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఉంది, కొంచెం ఉంది. అంత దూరం నుంచి వచ్చినావిడ ఇంకొక్క రోజు ఆగి చూడకూడదా? పాలతో ఏం చేస్తావని నన్ను అడిగింది. ఈ ఆవుని రేపు తోలుకుపోతారని ఆమెకి చెప్పు అన్నాను కోస్కెతో. అతను ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆవిడ ఇంకా ఎక్కువ ఏడ్చి నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది.

మొసోనిక్ తాత గడ్డి పెరికి తెచ్చుకున్నాడు, చిన్న బుర్రలో పాలు తెచ్చుకున్నాడు. కోస్కె పలుపుని డోరిన్ చేతికి ఇవ్వబోయాడు. తాత ఒప్పుకోలేదు. ఆమెకి మన మాట తెలీదు, తెలీని మాట పలికించడం తప్పన్నాడు. తోలుకొచ్చిందెవరో వాళ్ళే పట్టుకోవాలన్నాడు. కోస్కె అటూ ఇటూ చూసి, సరేలెమ్మని ఒక చేత్తో పలుపూ ఇంకో చేత్తో గడ్డీ పట్టుకున్నాడు.

"ఇచ్చావా?" అని తాత అడిగాడు.

ఇచ్చానన్నాడు. నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లూ ఇచ్చానన్నాడు, ప్రతిసారీ కెమెరా వైపు చూసి పళ్ళికిలించాడు. తీసుకున్నావా అని తాత నన్ను అడిగాడు. నా నోట్లోంచి మాట ఎంత లోతు నుంచి వచ్చిందో నాకే తెలీదు. నాలుగోసారి అనేసరికి పాటలు పాడుతున్న ఆడవాళ్ళంతా ఆపేశారు. ఏం జరిగిందో అక్కడ అందరికీ అర్థమైంది, ఆ బోర్డింగు స్కూలు కోస్కెకి తప్ప. తాత పాలు చిలకరించి, గడ్డిపరకల్ని ఆ వంకర కొమ్ముకి కట్టాడు. ఇకనుంచి ఇది చెరోనో ఆవు, వెనక్కి తీసుకున్న చెయ్యి ఎవరిదైనా ఆ ఇంట్లో పొయ్యి మండదు, ఉయ్యాల ఊగదు అన్నాడు. కోస్కె దాన్ని ఆశీర్వాదమని తర్జుమా చేసినట్టున్నాడు. తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం మా అత్త పితికింది. ఆ ఆవు దూడ లేకుండానే చేపింది. పిల్లలు చిక్కటి పాల టీ తాగి, మీగడ మూతి తుడుచుకోకుండా పక్కింటి వాళ్ళకి చూపించడానికి పరిగెత్తారు. బుర్ర నింపి మూత పెట్టింది అత్త.

మర్నాడు పొద్దున్నే కోస్కె బండొచ్చింది. ఏదో రోగం పరీక్ష చేయించాలట. ఈ ఆవుకి ఏ రోగమూ లేదు, రోగం నీకే, వెళ్ళిపో అన్నాను. మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత పోలీసులన్నాడు. చివరికి డ్రైవర్ని పిలిచి ఆవుని విప్పమన్నాడు. ఆ డ్రైవర్ నిన్న ఇక్కడే నిలబడి అంతా చూసినవాడు. బండి వెనక తలుపు తీస్తాను గానీ పలుపు మాత్రం ముట్టను సార్ అన్నాడు. కోస్కె విసురుగా పాకలోకి నడిచాడు. కొమ్ముకున్న గడ్డిని చూసి ఆగిపోయాడు. ఇంట్లో అతని పెళ్ళాం పచ్చి బాలింత. చదువు ఎంత పైకెక్కినా ఉయ్యాల మాట దగ్గర మనిషి కాళ్ళు కట్టేసినట్టయిపోతాయి.

బండి చప్పుడు విని జనం చేరారు. మొసోనిక్ తాత కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి మా పాక ముందు కూర్చున్నాడు. కోస్కె ఆయన దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి, తాతా, అది ఊరికే ఫోటో కోసం కదా, నీకూ తెలుసు కదా అన్నాడు.

"గడ్డి పట్టుకుని నాలుగుసార్లు దేవుణ్ణి సాక్షిగా పిలిచింది ఫోటో కోసమా?" అన్నాడు తాత. "ఆయన పేరు కూడా నీ లిస్టులో రాసుకున్నావేంట్రా?"

ఆడవాళ్ళు నవ్వారు. అక్కడే అయిపోయి ఉంటే బాగుండేది. అక్కడ అయిపోతే నాకు ఇవాళ ఇంత మంట ఉండేది కాదు.

కోస్కె మొహం నల్లబడింది. జనం వైపు తిరిగాడు. ఈ ఒక్క ఆవు ఇక్కడ ఉండిపోతే ప్రాజెక్టు ఈ గట్టు మొహం చూడదని, మీకు రావాల్సిన ఆవులన్నీ చెరోనో ఒక్కత్తి మింగేసినట్టేనని చెప్పాడు. నవ్వినవాళ్ళే నా వైపు చూశారు. నిన్నటిదాకా కోస్కె చెప్పే ఆ ట్రక్కు ఉత్త గాలిమాటేనని అందరికీ తెలుసు. ఈ పొద్దున అది మళ్ళీ రోడ్డు మీదికొచ్చేసింది. అప్పుడు కోస్కె తబుతానీ దగ్గరికెళ్ళాడు. అక్కా అని పిలిచాడు. లిస్టులో నీ పేరే మొదటిది, ఈ ఆవుని నువ్వు విప్పి బండెక్కించు, వచ్చే ట్రక్కులో మొదటి ఆవు నీ ఇంటి ముందు దింపుతా అన్నాడు.

అంటే శాపం ఆమెకి, ఆవు అతనికి. ఎంత తెలివి! ముట్టుకోవడానికి తను భయపడిన పలుపుని ముట్టుకోవడానికి గట్టు మీద అందరికంటే గతిలేనిదాన్ని ఏరుకున్నాడు.

తబుతానీ జనంలోంచి బయటికొచ్చింది. నన్ను చూడకుండా పాకలోకి వచ్చి ముడి మీద చెయ్యి వేసింది. నేను అడ్డం నిలబడ్డాను.

"అతను ముట్టలేక నీ చేత ముట్టిస్తన్నాడే. తెలుస్తందా నీకు?"

"తెలుసు," అంది. "నా ఇంట్లో పొయ్యి ఎప్పుడు మండింది గనక ఇప్పుడు ఆరిపోవడానికి?"

ముడి విప్పింది. ఆమెకంటే నాకు బలమెక్కువ. ఒక్క తోపు తోస్తే వెళ్ళి పేడలో పడేది. తొయ్యాలనే అనిపించింది. కానీ ఆమె వేళ్ళు చూశాను, తేయాకు కోసి కోసి గోళ్ళ కింద నల్లగా అయిపోయిన వేళ్ళు. ఆ వేళ్ళతో ఆమె తన పిల్లల నెత్తిన ఏం వెయ్యబోతోందో తెలిసే వేస్తోంది. మొసోనిక్ తాత మాట నిజమైతే ఏమవుతుంది? నిజం కాకపోయినా సరే, రేపు ఆ నలుగురిలో ఒక్కడికి జ్వరమొస్తే ఈమె తనని తాను బతకనిస్తుందా? కోస్కె మాత్రం ఇంట్లో ఉయ్యాల ఊపుకుంటూ ఉంటాడు.

నాకంత కోపం జన్మలో ఎప్పుడూ రాలేదు. వంగి కాళ్ళ దగ్గరి గడ్డిని కుదుళ్ళతో సహా పెరికాను. పలుపు కొస ఒకటి ఆమె చేతిలో ఉంది, ఇంకోటి నేను పట్టుకున్నాను. తాత ముందుకెళ్ళి నిలబడ్డాను.

"అడుగు తాతా," అన్నాను.

ఆయన నన్నూ చూశాడు, తబుతానీనీ చూశాడు. అర్థమైంది. లేచి నిలబడ్డాడు.

"ఇచ్చావా?"

గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది, చేతిలో పాల చెంబుతో. ఇచ్చాను అన్నాను. రెండోసారి అంటుంటే పిల్లల మూతుల మీది మీగడ గుర్తొచ్చింది. మూడోసారి కోస్కె మొహంలోకి చూస్తూ అన్నాను. నాలుగోసారి ఎవరి వైపూ చూడలేదు. తీసుకున్నావా అని ఆమెని అడిగాడు తాత. తీసుకున్నానంది తబుతానీ, నాలుగుసార్లూ అంది.

కోస్కెకి ఇంకా అర్థం కాలేదు. మంచిదే కదా, ఇక బండెక్కించక్కా అన్నాడు. తాత కొత్త గడ్డిని కొమ్ముకి కట్టి అతని వైపు తిరిగాడు.

"ఇప్పుడిది ఈమె ఆవురా. తన ఆవుని తనే తెచ్చి నీకియ్యమని అడుగుతన్నావ్. అడుగు, అందరం వింటాం, వెనక్కి తీసుకున్న చెయ్యి నీదవుతుంది."

అతను అడగలేదు. తబుతానీ బండి వైపు ఒకసారి చూసింది. తెరిచి పెట్టిన వెనక తలుపు చూసింది. తర్వాత పలుపు భుజాన వేసుకుని, ఆవుని వెంటబెట్టుకుని దిగువకి, తన ఇంటి వైపు వెళ్ళిపోయింది.

పోలీసులు రాలేదు. ఎట్లా వస్తారు? పోయిన ఆవు ఏదని వాళ్ళు అడిగితే అతను ఏ ఫోటో చూపిస్తాడు? ఒకే వంకర కొమ్ము నలుగురు మనుషుల పక్కన ఉంది. ప్రాజెక్టు మాత్రం మా గట్టు ఎక్కడం మానేసింది. ఇక్కడి జనం ఇంకా దానం తీసుకోవడానికి సిద్ధంగా లేరని పైకి రాసి పంపారట. వంతెన అవతలి ముసలాయన నాతో మాట్లాడడు. చెప్కిరుయి నన్ను చూసి ఉమ్మేస్తుంది. వాళ్ళకి రాని ఆవుల లెక్క నా ఖాతాలో పడింది.

అది కూడా నాకు పెద్ద బాధ కాదు. తబుతానీ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే పాలు తెచ్చేది. గుమ్మం బయట పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయేది, కౌలు కట్టడానికి వచ్చినట్టు. పద్దెనిమిదేళ్ళు ఆమె నా ఇంట్లోకి చెప్పకుండా వచ్చి పొయ్యి దగ్గర కూర్చునేది. ఇప్పుడు లోపలికి రమ్మంటే రాదు. ఆమె మొహం చూడటం నాకూ చేతకావడం లేదు, చూస్తే ఆ ముడి విప్పిన వేళ్ళే కనిపిస్తాయి. కోస్కె ఆవుని తీసుకోలేకపోయాడు. ఇది తీసుకుపోయాడు. దీనికి ఏ తాత దగ్గర గడ్డి పట్టించాలి? ఆ పాలు మా అత్త కాచేది, పిల్లలు తాగేవాళ్ళు, నా మంట మాత్రం చల్లారేది కాదు.

నిన్న పొద్దున ఆమె చెంబు దించుతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఇంకోసారి తల దించుకుని తెచ్చావంటే ఈ పాలు నేల మీద పారబోస్తా. ఆవు నీది. తలెత్తి తీసుకురా, లేకపోతే తేవద్దు."

ఆమె చెంబు అక్కడే దించి వెళ్ళిపోయింది. ఇవాళ పాలు తేలేదు. పిల్లలు నల్ల టీ తాగి బడికెళ్ళారు.